నేల వేసే ఖర్చు

(నెల్లూరులో డిగ్రీ విద్యార్థులు, సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

దేశాల తలరాత పటంలోనే రాసి ఉందని ఒక వాదన చాలాకాలంగా వినిపిస్తోంది. సముద్రం ఉన్న దేశం బాగుపడుతుంది, కొండల్లో చిక్కుకున్న దేశం వెనకబడుతుంది అని. దానికి ఎదురు వాదనా ఉంది. నేలదేముంది, పాలన బాగుంటే ఎడారిలోనైనా పంట పండుతుందని. నా ఉద్దేశంలో రెండూ అరకొరవే. నేల ఏ దేశానికీ తీర్పు చెప్పదు. ఒక పని చేయాలంటే ఎంత ఖర్చవుతుందో మాత్రం చెబుతుంది. నీళ్లు తేవాలంటే ఇంత, సరుకు ఓడెక్కించాలంటే ఇంత, దారి వేయాలంటే ఇంత. ఆ ఖర్చు ఎవరు భరించాలి, ఎప్పుడు భరించాలి, ఎవరి ఊరు మునిగితే ఎవరి పొలం తడుస్తుంది అన్నది రాజకీయం. ఇవాళ్టి విషయం ఈ రెండింటి ముడి. దీనికి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దొరికినన్ని ఉదాహరణలు చాలా దేశాల్లో దొరకవు, అందుకని ఇక్కడి నుంచే మొదలుపెట్టి బయటికి వెళదాం.

ముందు సముద్రం సంగతి. మన తీరాన్ని పటంలో చూడండి. కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంటుంది. ఓడ తలదాచుకోవడానికి ఒక మలుపు గానీ, కొండ చాటు గానీ ఉండదు. ఒడ్డంతా ఇసుక, ఆ ఇసుకా ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. తాకిన ప్రతిసారీ కాస్త ఇసుకను ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య రుతుపవనాల్లో తిరుగు ప్రయాణం ఉంటుంది గానీ, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఇలాంటి చోట సముద్రంలోకి రాతి గోడ కడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. మద్రాసు రేవు కట్టాక జరిగింది ఇదే. దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఒడ్డు కరిగిపోయింది. కాబట్టి ఈ తీరంలో ఎక్కడ రేవు కట్టినా గోడ ఖర్చు ఒక్కటి రాసుకుంటే లెక్క తేలదు. ఏటా ఇసుక తవ్వే ఖర్చు, గోడకు ఉత్తరాన ఉన్న మత్స్యకార పాళేలకు కలిగే నష్టం కూడా మొదటిరోజే రాసుకోవాలి. రెండోది ఎక్కువసార్లు రాయరు. పులికాట్ ముఖద్వారాలు రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర ఇసుకతో పూడిపోవడం కూడా ఈ ఇసుక నడక వల్లే. ముఖద్వారం పూడితే సముద్రపు నీళ్లు సరస్సులోకి రావు, రొయ్య, చేప పిల్ల లోపలికి రాదు, వలవేసేవాడికి పని ఉండదు.

ఇలాంటి తీరంలో ఏ ఊరు రేవు పట్టణం అయిందో చూస్తే మన మొదటి పాఠం దొరుకుతుంది. 1626లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు దుగరాజపట్నంలో వర్తకశాల పెట్టి, దానికి కోట కట్టుకున్నారు. అక్కడ ఒడ్డుకు ఎదురుగా నీళ్ల కింద పొడవాటి ఇసుక తిన్నె ఉంది. దాని చాటున లంగరు వేస్తే పెద్ద కెరటాల దెబ్బ తగ్గుతుంది. అయినా 1639లో మద్రాసుకు స్థలం సంపాదించి అక్కడికి తరలిపోయారు. మద్రాసులో ఆ పాటి చాటు కూడా లేదు. ఓడ దూరంగా నిలబడితే సరుకునూ మనుషులనూ మసూలా పడవల్లో కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చాలి. మరి ఎందుకు వెళ్లారు? బట్ట అక్కడ చవగ్గా దొరికింది, ఆ ప్రాంతాన్ని ఏలిన దామెర్ల నాయకుడు కోట కట్టుకోవడానికి అనుమతితో స్థలం ఇచ్చాడు. మంచి లంగరు ఉన్న ఊరు పల్లెగా మిగిలింది, లంగరే లేని ఊరు మహానగరం అయింది.

అంతకు 400 ఏళ్ల ముందు జరిగింది ఇంకా విలువైన ఉదాహరణ. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవాళ్లు. ఇకమీద అలా చేయం, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా మీదేనని గణపతిదేవుడు శాసనం వేయించాడు. ఎగుమతి, దిగుమతులకు సుంకం ముప్పయ్యో వంతు. ఇందులో నేల ఏమీ మారలేదు. తుపాను మానలేదు, తీరం లోతు పెరగలేదు. మారింది ఒక్కటే, ఓడ మునిగితే వర్తకుడు పోగొట్టుకునే మొత్తం. భూగోళం వేసిన ఖర్చును చట్టం ఒక్క దెబ్బతో తగ్గించింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు మార్కోపోలో రాతల్లోకి మోటుపల్లి ఎక్కిందంటే ఆ రేవుకు వచ్చిన పేరులో ఈ శాసనం వాటా తక్కువేమీ కాదు.

ఇంగ్లీషువాళ్లు ఈ తీరపు ఇబ్బందిని ఇంకో రకంగా దాటారు. సముద్రంలో నడవలేని చిన్న పడవల కోసం ఒడ్డుకు సమాంతరంగా లోపల ఉప్పు కాలువ తవ్వారు. అదే బకింగ్‌హాం కాలువ, పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. మద్రాసుకు వంటచెరుకు, ఉప్పు, ధాన్యం దాని మీదే పోయేవి. 1877-78 కరువు పనుల్లో కూలీలతో అందులో కొంత భాగం తవ్వించారు. రైలు, లారీ వచ్చాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు, చాలాచోట్ల పూడిపోయింది.

ఇప్పుడు కృష్ణపట్నం. 2008లో కొత్త రేవు మొదలయ్యాక అక్కడ సుమారు 18 మీటర్ల లోతు తవ్వి నిలుపుతున్నారు. లోతు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేద్దాం. లోతైన రేవుకు వచ్చే పెద్ద బొగ్గు ఓడ లక్షన్నర టన్నులు మోస్తుంది. ఒక గూడ్సు బండి, 58 వ్యాగన్లతో, సుమారు 3,800 టన్నులు. లారీకి 25 టన్నులు వేసుకోండి. ఆ ఒక్క ఓడ దాదాపు 40 గూడ్సు బండ్లతో, 6,000 లారీలతో సమానం. ఓడకు సిబ్బంది పాతికమంది దాకా ఉంటారు, 6,000 లారీలకు 6,000 మంది డ్రైవర్లు కావాలి. నీటి మీద రవాణా చవక అని పుస్తకాల్లో ఒక్క మాటలో రాసేది ఇదే. కృష్ణపట్నం పక్కన థర్మల్ కేంద్రాలు వరుసకట్టడానికి కారణమూ ఇదే. బొగ్గు ఓడలో వస్తుంది, చల్లబరచడానికి సముద్రపు నీళ్లు పక్కనే ఉన్నాయి. బూడిద మాత్రం చుట్టుపక్కల ఊళ్ల మీద పడుతుంది. ఆ ఖర్చు కరెంటు బిల్లులో కనపడదు.

సముద్రం అసలే లేని దేశాల సంగతి ఇప్పుడు చూద్దాం. ప్రపంచంలో అలాంటివి 44. అన్నీ ఒకలా లేవు, అదే ఆసక్తికరం. ఆఫ్రికాలో జాంబియా 1964లో, బోట్స్వానా 1966లో స్వతంత్రమయ్యాయి, రెంటికీ సముద్రం లేదు. జాంబియాకు రాగి ఉంది. బోట్స్వానాలో 1967లో వజ్రాలు బయటపడ్డాయి. రాగి బరువైన సరుకు, రైలు లేకపోతే కదలదు. 1973లో పక్కనున్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) సరిహద్దు మూసేసింది. 1975లో అంగోలా యుద్ధంతో పడమటి దారి కూడా తెగింది. ఇలాంటి ముప్పును ముందే చూసి 1970లోనే పని మొదలుపెట్టి, చైనా సాయంతో టాంజానియాలోని దార్-ఎస్-సలాం రేవుకు 1,860 కిలోమీటర్ల టజారా రైలుమార్గం వేసుకోవాల్సి వచ్చింది. బోట్స్వానాకు ఆ పాట్లు లేవు. ఏడాది వజ్రాలను విమానంలో పంపవచ్చు, వాటికి రేవు దూరంతో పనిలేదు. అయితే వజ్రాలున్న దేశాలన్నీ బాగుపడలేదు. గని మీద వచ్చిన డబ్బులో ప్రభుత్వం వాటా గట్టిగా పట్టుకోవడం, దాన్ని బడుల మీద, రోడ్ల మీద పెట్టడం అక్కడి పాలకులు చేసిన పని. నేల కలిసొచ్చిన చోట పాలన కూడా నిలబడింది.

బరువుకూ విలువకూ ఉన్న ఈ లెక్క మనకు చీమకుర్తిలో కనపడుతుంది. గెలాక్సీ గ్రానైట్ అంటే నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే రకం. ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు మందం ఉన్న ఒక్క దిమ్మె 24 టన్నులు. ఇంత బరువైన సరుకు ఇటలీ, చైనా దాకా పోతోందంటే రాతి అందం ఒక్కటే కారణం కాదు, ఒంగోలు నుంచి సముద్రం, జాతీయ రహదారి, రైలు అన్నీ దగ్గరలో ఉండడం. ఇదే రాయి దేశం మధ్యలో ఎక్కడో పడి ఉంటే చుట్టుపక్కల ఇళ్లకు గడప రాయిగా మిగిలేది.

ఇథియోపియాది ఇంకో రకం కష్టం. 12 కోట్లకు పైగా జనం ఉన్న దేశం 1993లో ఎరిత్రియా విడిపోవడంతో తీరం మొత్తం పోగొట్టుకుంది. ఇప్పుడు దాని విదేశీ సరుకులో 90 శాతానికి పైగా ఒక్క జిబూటీ రేవు మీద నడుస్తోంది. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంది. అక్కడి నుంచి జిబూటీకి సుమారు 750 కిలోమీటర్ల విద్యుత్ రైలుమార్గాన్ని 2016లో ప్రారంభించారు. ఎక్కే సరుకు ఎరువు, డీజిలు, యంత్రాలు. అన్నీ బరువైనవే, అన్నీ ఎత్తుకు ఎక్కాల్సినవే. రేవు కోసం ఆ దేశం మళ్లీ మళ్లీ పేచీ పెట్టుకోవడం వెనుక ఉన్నది ఈ ఎత్తూ, ఈ ఒక్క దారీ. బొలీవియా 1879లో మొదలైన యుద్ధంలో తీరాన్ని చిలీకి పోగొట్టుకుంది, 1904లో ఒప్పందం మీద సంతకం పెట్టింది. అయినా ఇవాళ్టికీ టిటికాకా సరస్సులో నౌకాదళాన్ని నిలుపుకుంది. తీరం మీద చర్చలకు రావాల్సిన బాధ్యత చిలీకి లేదని అంతర్జాతీయ న్యాయస్థానం 2018లో చెప్పింది.

నీళ్లు ఉండీ దారి లేని దేశం కూడా ఉంది. కాంగో నది నీటి పరిమాణంలో అమెజాన్ తర్వాత రెండోది. కిన్షాసా నుంచి లోపలికి కిసంగాని దాకా సుమారు 1,700 కిలోమీటర్లు పడవలు నడుస్తాయి. కిన్షాసా నుంచి సముద్రం వైపు మాత్రం 350 కిలోమీటర్ల మేర నది బండల మీద పడి దూకుతూ పోతుంది. ఒక్క పడవ దాటదు. అక్కడ సరుకు దింపి, 1898లో వేసిన మటాడి రైలెక్కించి, మళ్లీ ఓడెక్కించాలి. దింపిన ప్రతిచోటా కూలి, దొంగతనం, జాప్యం, లంచం. నీటి మీద వచ్చిన లాభం మొత్తం ఆ రెండు దింపుళ్లలో పోతుంది. అమెరికాలో మిసిసిపి నది గోధుమ పొలాల నుంచి న్యూ ఆర్లియన్స్ దాకా జలపాతాల అడ్డం లేకుండా నడుస్తుంది. 1803లో ఆ దేశం లూసియానాను కొనడానికి న్యూ ఆర్లియన్స్ రేవు మీద పట్టు ఒక పెద్ద కారణం.

ఇరుకు దారుల గురించి పుస్తకాల్లో సూయెజ్, మలక్కా, హోర్ముజ్ అని చదువుతాం. మనకూ ఒకటి ఉంది, మనం దానికి ఆ పేరు పెట్టుకోలేదు. వెలిగొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న సన్నని మైదానంలోంచే చెన్నై-హౌరా రైలుమార్గం, 16వ నంబరు జాతీయ రహదారి పోతాయి. రెండూ నెల్లూరు దగ్గర పెన్నను దాటాలి. 2021 నవంబరులో పెన్న ఉపనది చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది, పెన్న పొంగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి లేచిపోయింది, నెల్లూరు దగ్గర రహదారి తెగింది. విజయవాడకూ చెన్నైకీ మధ్య రైళ్లు ఆగిపోయాయి. ఒక మధ్యతరహా జలాశయం మట్టికట్ట తెగితే దక్షిణ భారతానికి తూర్పు దారి మూసుకుపోయింది. చుట్టుదారి ఎంత దూరమో పటంలో చూస్తే ఈ ఇరుకు విలువ తెలుస్తుంది.

పనామా కాలువ గురించి ఒక్క మాట, ఎందుకంటే చాలామంది దాన్ని సముద్రపు కాలువ అనుకుంటారు. అది వాననీటి కాలువ. ఓడ సముద్రం నుంచి లాకుల్లో 26 మీటర్లు పైకి ఎక్కి గటూన్ సరస్సు మీదుగా పోయి అవతల దిగుతుంది. ఒక ఓడ దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలోకి పోతాయి. మన లెక్కలో ఒక టీఎంసీ అంటే 2,830 కోట్ల లీటర్లు. అంటే ఒక టీఎంసీకి 140 ఓడలు. మన సోమశిల నిండుకుండలా ఉంటే దాని 78 టీఎంసీలతో 11,000 ఓడలను దాటించవచ్చు. 2023లో అక్కడ వానలు తగ్గాయి. రోజుకు 36 ఓడలు దాటాల్సిన చోట 24కి కుదించారు. అదే సరస్సు ఆ దేశంలో సగం మందికి తాగునీరు. ఓడకు నీళ్లా, బిందెకు నీళ్లా అన్న ప్రశ్న ఆ దేశ రాజకీయాల నడిబొడ్డున ఉంది.

నీళ్ల దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. నీరు పల్లమెరుగు అంటాం. పల్లం ఎవరి చేతిలో ఉందో, మెరక ఎవరి చేతిలో ఉందో తెలిస్తే సగం రాజకీయం తెలిసినట్టే. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి, వెలిగొండల్లో సోమశిల దగ్గర సందు చేసుకుని నెల్లూరులోకి వస్తుంది. కొండ సందు అంటేనే ఆనకట్టకు చోటు. తక్కువ పొడవు గోడతో ఎక్కువ నీళ్లు ఆగుతాయి. అక్కడి నుంచి కిందికి సంగం, నెల్లూరు ఆనకట్టలు డెల్టా కయ్యలకు నీళ్లిస్తాయి. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, సంగం 1886 నాటిది. 2022లో రెంటికీ కొత్త బ్యారేజీలు వచ్చాయి.

సోమశిల నుంచి కండలేరు, కండలేరు నుంచి చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయం. అదే తెలుగుగంగ. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా నీళ్లు మద్రాసుకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు మధ్య ఒప్పందం కుదిరింది, 1996లో నీళ్లు పూండికి చేరాయి. 15లో 3 టీఎంసీలు దారిలో ఆవిరికి, ఇంకుడుకు తీసేసి 12 లెక్క. మన వైపు కాలువే 152 కిలోమీటర్లు. వాలు మీదే నడిచే కాలువ కాబట్టి కరెంటు ఖర్చు లేదు, కానీ దారిపొడవునా ఒడ్డున మోటార్లు పడతాయి, లైనింగు పగిలితే ఇంకిపోతుంది. చెన్నై మూడు రాష్ట్రాల మంచితనం మీద బతికే నగరం. 2019 వేసవిలో దాని నాలుగు చెరువులూ అడుగంటాయి. మీంజూరు, నెమ్మెలిలో సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే కేంద్రాలు అప్పటికే ఉన్నా చాలలేదు.

దీని పక్కన సింగపూర్‌ను పెట్టండి. దానికి 1962 ఒప్పందం ప్రకారం మలేసియాలోని జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్లు తీసుకునే హక్కు 2061 దాకా ఉంది. ధర వెయ్యి గ్యాలన్లకు 3 సెన్లు. ఇంత చవకైన నీళ్లున్నా వాడిన నీటిని శుద్ధి చేసి తిప్పడం 2003లో మొదలుపెట్టారు, 2005లో సముద్రపు నీటి కేంద్రం, 2008లో నదీముఖాన మెరీనా బ్యారేజీ కట్టారు. ఒప్పందం గడువు ముగిసేలోగా ఖర్చు ముందే కట్టేద్దాం అన్న లెక్క అది. మనం కరువు వచ్చిన ఏడాది రైళ్లలో నీళ్లు తెప్పిస్తాం, వాన పడగానే ఆ ఫైలు మూసేస్తాం.

ఇక నైలు. 1959లో ఈజిప్టు, సూడాన్ తమలో తాము నది మొత్తాన్ని పంచుకున్నాయి. ఈజిప్టుకు 5,550 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 1,960 టీఎంసీలు. సూడాన్‌కు 650. ఈజిప్టులోని అస్వాన్ ఆనకట్ట వెనుక ఆవిరికి 350 టీఎంసీలు పక్కన పెట్టారు. నైలు నీటిలో అత్యధిక భాగం వచ్చేది ఇథియోపియా కొండల నుంచి, దానికి ఒక్క చుక్క రాయలేదు, పిలవనూ లేదు. 2011లో ఇథియోపియా సూడాన్ సరిహద్దు దగ్గర పెద్ద ఆనకట్ట మొదలుపెట్టింది, 2025 సెప్టెంబరులో ప్రారంభించింది. సామర్థ్యం సుమారు 2,600 టీఎంసీలు, మన సోమశిల లాంటివి 33. ఇక్కడ నేల ఒకటి చెబుతోంది, రాజకీయం ఇంకొకటి చెబుతోంది. ఎడారి మధ్యలో ఎండకు పరిచిన అస్వాన్ సరస్సులో కంటే ఎత్తైన చల్లని చోట నిల్వ చేస్తే ఆవిరి నష్టం తక్కువ. నది మొత్తం ఒకే దేశంలో ఉంటే ఇంజనీర్లు పైనే నిల్వ చేసేవాళ్లు. కానీ తన ప్రాణాధారపు తాళం పక్కదేశం చేతిలో పెట్టడానికి ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు. గొడవ తేలాల్సింది మామూలు ఏడాది గురించి కాదు. వరుసగా మూడు నాలుగేళ్లు వానలు లేకపోతే పైనున్న జలాశయం నుంచి ఎంత వదలాలి అన్నది రాతలో లేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఈ కరువు లెక్కకు తిరగబడిన లెక్క మన సోమశిలలో ఉంది. కృష్ణాలో వరద ఆగస్టు, సెప్టెంబరుల్లో. నెల్లూరు వానలో సగానికి పైగా అక్టోబరు-డిసెంబరు మధ్య, అదీ వాయుగుండాల రూపంలో, రెండు మూడు రోజుల్లో. సెప్టెంబరుకే కృష్ణా నీళ్లతో సోమశిలను నింపేస్తే రైతుకు ధైర్యం. కానీ నవంబరులో వాయుగుండం వస్తే పట్టుకోవడానికి చోటు ఉండదు, వచ్చింది వచ్చినట్టు వదలాలి, కింద పొర్లుకట్టలు తెగుతాయి. ఖాళీ ఉంచితే వాన రాని ఏడాది రెండో పంట పోతుంది. ఎన్ని టీఎంసీలు ఖాళీ ఉంచాలో అక్టోబరు మొదట్లోనే నిర్ణయించి బహిరంగంగా చెప్పాలి. వరద వచ్చాక గేట్లెత్తే చర్చ వల్ల లాభం లేదు.

శ్రీహరికోట గురించి చెప్పకుండా నెల్లూరులో ఈ ప్రసంగం ముగించలేం. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం సెకనుకు 465 మీటర్లు, శ్రీహరికోట ఉన్న 13.7 డిగ్రీల దగ్గర సుమారు 452. తూర్పుకు వదిలిన రాకెట్టుకు ఈ వేగం ఉచితంగా వస్తుంది. కక్ష్యకు కావాల్సిన సెకనుకు 7.8 కిలోమీటర్లలో ఇది దాదాపు ఆరు శాతం. తూర్పున బంగాళాఖాతం, విడిపోయిన దశలు నీళ్లలో పడతాయి. కానీ ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకు దక్షిణం వైపు పోవాలి, దారిలో శ్రీలంక ఉంది. అందుకని పీఎస్ఎల్వీ ముందు ఆగ్నేయంగా లేచి, తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, ఆ మేరకు ఉపగ్రహం బరువు తగ్గించుకోవాలి. తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో కొత్త కేంద్రానికి 2024లో శంకుస్థాపన చేసింది ఇందుకే. అక్కడి నుంచి చిన్న రాకెట్లు నేరుగా దక్షిణానికి పోవచ్చు.

ఇజ్రాయెల్ పరిస్థితి చూడండి. తూర్పున అరబ్ దేశాలు, వాటి మీద రాకెట్టు దశలు పడేయలేదు. 1988 నుంచి అది ఉపగ్రహాలను పడమటికి, మధ్యధరా సముద్రం మీదుగా వదులుతోంది. భూమి తిరుగుడుకు ఎదురీత అది. సెకనుకు దాదాపు 400 మీటర్లు రాకపోగా ఇంకో 400 అదనంగా సంపాదించాలి. రష్యా బైకనూర్ నుంచి నేరుగా తూర్పుకు వదిలితే దశలు చైనాలో పడతాయి, కాబట్టి ఈశాన్యానికి వంచుతారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 51.6 డిగ్రీల వాలుతో తిరగడానికి మూలం అక్కడుంది. పైగా 1991 తర్వాత బైకనూర్ కజకిస్తాన్‌ది అయిపోయింది, రష్యా ఏటా 11.5 కోట్ల డాలర్ల అద్దె కడుతోంది. మన దగ్గర కూడా ఒక తగువు ఉంది. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నానికి భారీ రేవు రాశారు. పక్కనే రాకెట్టు కేంద్రం, పులికాట్ పక్షుల అభయారణ్యం ఉన్నాయి. ఒకే తీరం మూడు పనులకూ పనికొస్తుంది, మూడూ కలిసి ఉండలేవు. రాష్ట్రం చివరికి రామాయపట్నం వైపు తిరిగింది.

పరీక్షలకు చదివే పిల్లలు ఏ దేశం గురించి రాయాలన్నా ఈ వరుసలో పని చేయండి. రాజకీయ పటం పక్కన పెట్టి ఎత్తుపల్లాల పటం తీయండి. పెద్ద నది ఏ దేశంలో పుట్టి ఎన్ని సరిహద్దులు దాటుతుందో గుర్తించండి. వాన ఏ నెలల్లో పడుతుందో, పంట ఏ నెలల్లో నీళ్లడుగుతుందో పక్కపక్కన రాయండి. ఆ రెంటి మధ్య తేడాయే ఆ దేశానికి కావాల్సిన నిల్వ. రాజధాని నుంచి లోతైన రేవుకు దూరం, మధ్యలో ఎక్కాల్సిన ఎత్తు, దాటాల్సిన సరిహద్దులు రాయండి. ఎగుమతి సరుకు టన్ను విలువ ఎంతో చూడండి. చివరికి జనం ఎక్కడ ఉన్నారో చుక్కలు పెట్టండి. ఇంత చేశాకే ప్రభుత్వం, పార్టీలు, చరిత్ర దగ్గరికి రండి. చాలామంది పైనుంచి మొదలుపెడతారు, అందుకే జవాబులు అన్ని దేశాలకూ ఒకేలా ఉంటాయి.

ఈ వరుసను ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగానికి వర్తింపజేసి ఆపుతాను. మార్కాపురం, కనిగిరి, పొదిలి, దర్శి వైపు మెట్ట. కింద గట్టి రాయి, వాన తక్కువ. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటాయి. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీళ్లు తగులుతాయి, అందుకే కరువులో బోరు దించినకొద్దీ తరచుగా ఫ్లోరైడూ పెరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లు గారపట్టడం మొదలు, ఏళ్లు గడిస్తే కీళ్లూ వెన్నూ బిగుసుకుపోతాయి. ఈ జబ్బు మన దేశంలో ఉందని మొదట శాస్త్రీయంగా రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. 1970లో జిల్లా గీత మారింది, ఊళ్లు ఒంగోలు కిందికి వెళ్లాయి, నీళ్లు మారలేదు.

మంచినీళ్లు దూరంగా లేవు. నల్లమల అవతల శ్రీశైలం జలాశయం ఉంది. మధ్యలో కొండ. దాన్ని తొలిచి నీళ్లు తెచ్చేదే వెలిగొండ ప్రాజెక్టు. కొల్లంవాగు నుంచి ఇటు దాకా సుమారు 18.8 కిలోమీటర్ల రాతిని తొలిచి జంట సొరంగాలు, ఒకటి 7 మీటర్ల వ్యాసం, రెండోది 9.2 మీటర్లు. పైన పులుల అభయారణ్యం, కాబట్టి మధ్యలో బావులు తవ్వి అనేక చోట్ల ఒకేసారి పని చేసే వీలు లేదు. కొసల నుంచే తొలవాలి. లోపల రాయి వదులుగా ఉన్నచోట యంత్రం చిక్కుకుంటే ముందుకూ పోదు, వెనక్కూ రాదు. సొరంగాల నీళ్లు నిలవడానికి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర మూడు కొండ సందులు మూసి నల్లమలసాగర్, 53.85 టీఎంసీలు. 1996లో శంకుస్థాపన, 2024 మార్చిలో సొరంగాల అంకితం. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, ఈ సొరంగాలు 840కి పైన నీళ్లుంటేనే తీసుకోగలవు. పైగా కేటాయింపు వరద నీటి మీద, 43.5 టీఎంసీలు. అంటే కృష్ణాలో వరద వచ్చిన రోజుల్లోనే. సొరంగం పూర్తయినంత మాత్రాన నీళ్లు వచ్చినట్టు కాదు. ఫీడర్ కాలువ కావాలి, మునిగే ఊళ్లకు పరిహారం, ఇళ్లు కావాలి, అది కాకుండా జలాశయం నింపకూడదు. తర్వాత పంట కాలువలు.

నేను అడిగేది పంట కాలువల కంటే ముందు ఒక చిన్న లెక్క. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున పది లక్షల మందికి ఏడాది పొడుగునా ఇవ్వాలంటే సుమారు 2,000 కోట్ల లీటర్లు. ముప్పాతిక టీఎంసీ కూడా కాదు. ఆవిరీ, పైపుల లీకేజీ కలిపి రెట్టింపు వేసుకున్నా ఒకటిన్నర. 43.5లో ఈ ఒకటిన్నర టీఎంసీని తాగునీటి కోసం విడిగా రాసి, నల్లమలసాగర్ నీటిమట్టం అడుగుకు చేరినా అందేలా తూము కిందికి పెట్టి, కనిగిరి, పామూరు వైపు పైపులైను పంట కాలువల టెండర్ల కోసం ఆగకుండా వేయాలి. జలాశయం నింపకముందే అడగాల్సిన తూము ఇది, నీళ్లు నిండాక పెట్టాలంటే ఖర్చు చాలా ఎక్కువ. మీ ఎమ్మెల్యేలను, ఇంజనీర్లను ఇదే అంకెతో అడగండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.